యుద్ధకాలంలో పట్టుబడిన వాణిజ్య నౌకలు: ప్రైజ్ న్యాయం

రెండు దేశాల మధ్య యుద్ధం జరుగుతున్నప్పుడు ఒక వాణిజ్య నౌకను శత్రు నౌకాదళం పట్టుకుంటే ఆ నౌక, అందులోని సరుకు ఎవరివి అవుతాయి? పట్టుకున్నవారివే అని చాలామంది సమాధానం చెబుతారు. అంతర్జాతీయ న్యాయం అలా చెప్పదు. పట్టుకోవడం వల్ల కలిగేది స్వాధీనం మాత్రమే. యాజమాన్యం మారాలంటే న్యాయస్థానం తీర్పు కావాలి. ఆ న్యాయస్థానాన్ని ప్రైజ్ కోర్టు అంటారు, అది అనుసరించే సూత్రాలను ప్రైజ్ న్యాయం అంటారు. ఇక్కడ ప్రైజ్ అంటే పోటీలో గెలిచిన బహుమతి కాదు. 'పట్టుకున్నది' అనే అర్థం గల ఫ్రెంచి మాట నుంచి వచ్చిన పదం ఇది. పరీక్ష పత్రాల్లో దీన్ని 'బహుమతి న్యాయస్థానం' అని అనువదించి రాయవద్దు.

ఈ విషయం మీద పాఠ్యపుస్తకాలు సాధారణంగా లండన్, హేగ్ నగరాల దగ్గర మొదలవుతాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నుంచి ఈ కోర్సు చదువుతున్నవారు అంత దూరం వెళ్ళి మొదలుపెట్టనక్కరలేదు.

మోటుపల్లి, నిజాంపట్నం

ఇప్పటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో మోటుపల్లి ఉంది. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు. అక్కడి వీరభద్రస్వామి ఆలయంలో గణపతిదేవ చక్రవర్తి వేయించిన శాసనం ఉంది. శక సంవత్సరం 1166, అంటే క్రీ.శ. 1244-45 నాటిది. దాని సారాంశం ఇది: తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వంటి సరుకునంతా పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారు. మేము మాత్రం నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులకే వదిలివేస్తున్నాము. ఎగుమతి, దిగుమతుల మీద ఆ సుంకం ముప్పైకి ఒకటి. దీన్నే అభయశాసనం అంటారు. రెడ్డిరాజుల కాలంలో 1358లో అనపోతారెడ్డి కూడా మోటుపల్లిలోనే వర్తకులకు రాయితీలు ప్రకటిస్తూ శాసనం వేయించాడు.

ఈ శాసనం యుద్ధంలో పట్టుకున్న ఓడల గురించి కాదు, తుఫానుకు పగిలిన ఓడల గురించి. ఈ తేడా మరిచిపోవద్దు. అయినా మనకు కావలసిన ప్రశ్న అందులో ఉంది. సరుకు తన చేతికి చిక్కినంత మాత్రాన అది తనదవుతుందా అని ఒక రాజు ఆలోచించి, కాదని రాతి మీద రాయించాడు. రాజు దయతో ఇచ్చిన అభయానికి, వర్తకుడు కోర్టులో అడగగలిగే హక్కుకు మధ్య దూరం మాత్రం చాలా ఉంది. ప్రైజ్ న్యాయ చరిత్ర ఎక్కువగా ఆ దూరంలోనే నడిచింది.

రేపల్లెకు దిగువన సముద్రతీరంలో ఉన్న నిజాంపట్నం పాత పేరు పెద్దపల్లి. ఐరోపావారు దాన్ని పేటపోలి అని రాసుకున్నారు. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1606లో అక్కడ వర్తకశాల పెట్టింది. దానికి మూడేళ్ళ ముందు, 1603 ఫిబ్రవరి 25న, హేమ్స్‌కెర్క్ అనే డచ్చి నావికుడు సింగపూరు దగ్గర శాంటా కాటరీనా అనే పోర్చుగీసు ఓడను పట్టుకున్నాడు. 1604లో ఆమ్‌స్టర్‌డామ్ నౌకా న్యాయస్థానం దాన్ని న్యాయమైన ప్రైజ్‌గా ప్రకటించింది. సరుకు వేలంలో ముప్పై లక్షల గిల్డర్లకు పైగా పలికింది. కంపెనీ వాటాదారుల్లో కొందరికి ఇలా సంపాదించిన సొమ్ము మీద అనుమానం కలిగింది. అప్పుడు కంపెనీ గ్రోషియస్ అనే యువ న్యాయవాదిని ఆశ్రయించింది. ఆయన రాసిన గ్రంథంలోని ఒక అధ్యాయమే 1609లో 'స్వేచ్ఛా సముద్రం' అనే అర్థం వచ్చే లాటిన్ పేరుతో అచ్చయింది. పూర్తి గ్రంథం 1868లో గానీ వెలుగు చూడలేదు.

గ్రోషియస్‌ను అంతర్జాతీయ న్యాయ పితామహుడని చదువుతాం. అది సరే. కానీ ఆ రచన ఒక కక్షిదారు తరఫున వకీలు చేసిన వాదన అని కూడా గుర్తుంచుకోండి. సముద్రం అందరిదీ అని 1609లో వాదించిన ఆ కంపెనీ మనుషులే 1611లో ఇంగ్లీషువారి గ్లోబ్ అనే ఓడ వచ్చినప్పుడు పులికాట్ దగ్గర వర్తకం చేయనివ్వలేదు. ఆ ఓడ అక్కడి నుంచి కదిలి ఆగస్టులో నిజాంపట్నం చేరింది. మన తీరంలో ఇంగ్లీషు కంపెనీ వర్తకం అలా మొదలైంది. సూత్రం ఒకటి, దాన్ని వాడుకునే తీరు మరొకటి. ప్రైజ్ కేసుల్లో ఈ రెంటినీ విడదీసి చూడటం అలవాటు చేసుకోవాలి.

ప్రైజ్ కోర్టు విచారణ జరిగే తీరు

నౌకాదళం ముందుగా వాణిజ్య నౌకను ఆపి, ఎక్కి, తనిఖీ చేస్తుంది. అనుమానం బలపడితే దాన్ని తమ రేవుకు తీసుకుపోతుంది. ఓడలోని కాగితాలన్నీ, అంటే రిజిస్ట్రేషను పత్రం, బిల్ ఆఫ్ లేడింగ్, సరుకు పట్టిక, కప్తాను దినచర్య పుస్తకం వంటివి, కోర్టుకు అప్పగించాలి. కోర్టు ప్రకటన ఇస్తుంది. సరుకు మాది అనేవారు వచ్చి చెప్పుకోవాలి. విచారణ తర్వాత రెండే ఫలితాలు. ఒకటి జప్తు తీర్పు, అంటే యాజమాన్యం పట్టుకున్న రాజ్యానికి మారిపోతుంది. రెండోది విడుదల. పట్టుకోవడానికి తగిన కారణమే లేదని తేలితే నష్టపరిహారం కూడా రావచ్చు.

ఇందులో విద్యార్థులు తప్పక గమనించవలసింది రుజువు భారం. మామూలు క్రిమినల్ కేసులో నేరం మోపినవారే రుజువు చేయాలి. ప్రైజ్ కోర్టులో వరస తిరగబడుతుంది. ఈ సరుకు శత్రువుది కాదు, నాది అని వర్తకుడే నిరూపించుకోవాలి. ఎక్కడో కలకత్తాలోనో మద్రాసులోనో ఉన్న వర్తకుడు లండన్‌లో పై కోర్టు దాకా పోయి నిరూపించుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు. కాగితాల్లో ఒక్క పేరు తేడాగా ఉంటే చాలు, సరుకు పోయేది.

ఇంకో మాట. కోర్టు ఏ దేశానిదైనా అది అమలుచేయవలసింది అంతర్జాతీయ న్యాయం. దీనికి 1916 నాటి జమోరా కేసు ప్రమాణం. న్యూయార్క్ నుంచి స్టాక్‌హోమ్‌కు రాగి తీసుకుపోతున్న స్వీడిష్ నౌకను బ్రిటన్ ఆపింది. తీర్పు రాకముందే ఆ రాగిని తమ అవసరాలకు తీసుకుంటామని ప్రభుత్వం అడిగింది. ప్రైజ్ కోర్టు ప్రభుత్వ ఉత్తర్వులకు కట్టుబడి ఉండనవసరం లేదని, అంతర్జాతీయ న్యాయానికి కట్టుబడి ఉండాలని ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. యుద్ధం మధ్యలో, తమ ప్రభుత్వం మీదే ఇచ్చిన తీర్పు ఇది. అన్ని ప్రైజ్ కోర్టులూ ఇంత ధైర్యం చూపలేదు.

మద్రాసు వర్తకులు, ఇంగ్లండు కోర్టులు

శత్రువు ఎవరు అన్నది పుట్టుకను బట్టి తేలదు, వర్తకం ఎక్కడ నుంచి చేస్తున్నారన్న దాన్ని బట్టి తేలుతుంది. దీనికి మన దేశానికి సంబంధించిన రెండు పాత కేసులున్నాయి. రెండూ 1801 నాటివే.

మొదటిది ఇండియన్ చీఫ్ కేసు. కలకత్తాలో నివసిస్తూ వర్తకం చేసే ఒక అమెరికన్, సరుకు తనదని కోర్టుకు వచ్చాడు. ఆయన అక్కడ అమెరికా కాన్సుల్ కూడా. నేను తటస్థ దేశస్థుణ్ణి, అందులోనూ కలకత్తా మొగలు చక్రవర్తి సార్వభౌమత్వంలోని ప్రదేశం, కాబట్టి నాకు బ్రిటిష్ వర్తకుడి హోదా అంటగట్టవద్దు అన్నది వాదన. న్యాయమూర్తి సర్ విలియం స్కాట్ దాన్ని అంగీకరించలేదు. తూర్పు దేశాల్లో ఐరోపా వర్తకులు ఏ కంపెనీ రక్షణలో వర్తకం చేస్తే ఆ దేశపు హోదాయే వారికి వస్తుందన్నాడు. శత్రువుతో వర్తకం చేసిన బ్రిటిష్ వర్తకుడికి పట్టే గతే ఆయన సరుకుకు పట్టింది.

రెండోది ఆంజెలిక్ కేసు. మద్రాసులో స్థిరపడిన ఆర్మీనియన్ వర్తకులు, అప్పట్లో శత్రువైన స్పెయిన్ అధీనంలోని మనీలాతో వర్తకం చేశారు. వారు బ్రిటిష్ రక్షణలో ఉన్నవారు కాబట్టి శత్రువుతో వర్తకం చేయకూడదనే నిషేధం వారికీ వర్తిస్తుందని అప్పీలు కోర్టు తేల్చింది. మద్రాసు, మనీలా మధ్య వర్తకం ఎంతో కాలంగా సాగుతున్నది. ఎక్కడో ఐరోపాలో వచ్చిన యుద్ధం దాన్ని ఒక్కసారిగా నేరం చేసింది. చట్టపరంగా తీర్పు తర్కబద్ధమే. ఆ వర్తకులకు ఆ యుద్ధంతో ఏ సంబంధమూ లేదన్నదీ నిజమే.

అప్పట్లో తెలుగు తీరం యుద్ధానికి దూరంగా ఏమీ లేదు. 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం ముందు ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ నౌకలు ఇంగ్లీషువారి సెంచూరియన్ యుద్ధనౌకతో తలపడ్డాయి. ఆ రేవులో ఉన్న రెండు వాణిజ్య నౌకల్లో బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలింది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోగా ఫ్రెంచివారు వెంట తీసుకుపోయారు.

1856 నియమాలు, ఎండెన్ నౌక

క్రిమియా యుద్ధం తర్వాత 1856లో పారిస్ ప్రకటన వచ్చింది. ప్రైవేటు ఓడలకు దోపిడీ అనుమతులివ్వడం రద్దయింది. తటస్థ దేశపు ఓడలో ఉన్న శత్రువు సరుకును, శత్రువు ఓడలో ఉన్న తటస్థుల సరుకును ముట్టుకోకూడదన్నారు. రెంటికీ మినహాయింపు నిషిద్ధ సరుకు, అంటే యుద్ధానికి పనికివచ్చే సరుకు శత్రువుకు చేరడం. దిగ్బంధం ప్రకటిస్తే అది కాగితం మీద కాక నిజంగా అమలులో ఉండాలి అన్నది చివరి నియమం.

ఈ నియమాలు పనిచేసిన తీరు చూడాలంటే 1914 సెప్టెంబరులో బంగాళాఖాతంలోకి వచ్చిన జర్మన్ యుద్ధనౌక ఎండెన్ చర్యలను చూడండి. మద్రాసు మీద సెప్టెంబరు 22 రాత్రి గుండ్లు కురిపించి, చమురు ట్యాంకులు తగలబెట్టిన సంగతి అందరూ చెప్పుకుంటారు. న్యాయశాస్త్ర విద్యార్థికి అంతకు పన్నెండు రోజుల ముందు నుంచి జరిగినదే ముఖ్యం. మొదట దొరికింది పోంటోపోరోస్ అనే గ్రీకు నౌక. గ్రీసు అప్పటికి తటస్థ దేశం. కానీ నౌకలో ఉన్నది బ్రిటిష్ ఇండియా ప్రభుత్వానికి చెందిన బొగ్గు, అంటే నిషిద్ధ సరుకు. కాబట్టి ఎండెన్ కప్తాను ముల్లర్ దాన్ని పట్టుకొని వెంట తిప్పుకున్నాడు. ఇండస్, లోవాట్, కిలిన్, డిప్లొమాట్ వంటి బ్రిటిష్ నౌకలను, సిబ్బందిని దింపిన తర్వాత ముంచివేశాడు. కబింగా అనే నౌక కూడా బ్రిటిష్‌దే, అయినా ముంచలేదు. అందులోని సరుకు అమెరికన్లది, తటస్థులది. ముంచితే జర్మనీ పరిహారం కట్టాలి. ఆ కప్తాను భార్యాబిడ్డలు కూడా ఓడలో ఉన్నారు. పట్టుబడిన నావికులందరినీ ఆ నౌకలోకి ఎక్కించి వదిలేశాడు. లొరెడానో అనే ఇటాలియన్ నౌక తటస్థ దేశానిది కాబట్టి దాన్నీ పోనిచ్చాడు. అది వెళ్ళి బ్రిటిష్‌వారికి కబురు చేరవేసింది. నియమం పాటించినందుకు ఆయన చెల్లించిన మూల్యం అది.

అయితే ముంచిన నౌకల సంగతేమిటి? కోర్టు తీర్పు లేకుండా యాజమాన్యం మారదని మొదట చెప్పుకున్నాం. తన రేవుకు తీసుకుపోయే వీలు లేనప్పుడు శత్రువు నౌకను ముంచవచ్చు, కానీ అందులోని మనుషులను, కాగితాలను ముందుగా కాపాడాలి. ఈ మినహాయింపు పెరిగిపెరిగి చివరికి నియమాన్నే మింగేసింది. 1942 ఏప్రిల్‌లో జపాను నౌకాదళం ఇదే బంగాళాఖాతంలో కొద్ది రోజుల్లో సుమారు ఇరవై వాణిజ్య నౌకలను ముంచింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. ఆ నౌకల విషయంలో తనిఖీ, కాగితాలు, కోర్టు అనే ప్రశ్నే రాలేదు. 1914కూ 1942కూ మధ్య ప్రైజ్ న్యాయం ఎంత బలహీనపడిందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

తెనాలి మినపప్పు: ఒక ఊహాజనిత సమస్య

'క', 'చ' అనే రెండు దేశాలు యుద్ధంలో ఉన్నాయనుకుందాం. భారతదేశం తటస్థం. తెనాలి మిల్లు యజమాని ఒకరు మినపప్పును, దుగ్గిరాల వ్యాపారి ఒకరు పసుపును, రేపల్లె వైపు ఎగుమతిదారు ఒకరు శీతలీకరించిన రొయ్యలను 'క' దేశపు జెండా ఉన్న ఓడలో పంపారు. 'చ' నౌకాదళం దాన్ని పట్టుకుంది. ఓడ పోతుంది, సందేహం లేదు. సరుకు?

1856 నియమం ప్రకారం భారతీయుల సరుకు విడుదల కావాలి. కానీ కోర్టు మొదట అడిగేది, పట్టుకున్న రోజున సరుకు ఎవరిది అని. ఓడ ఎక్కగానే యాజమాన్యం కొనుగోలుదారుకు మారే ఒప్పందమైతే, ఆ కొనుగోలుదారు 'క' దేశంలో ఉంటే అది శత్రువు సరుకే. డబ్బు అందనిది తెనాలి వ్యాపారికే అయినా ఫలితం మారదు. 1914లో మిరమిచి కేసులో ఇదే చర్చ వచ్చింది. అమెరికా వర్తకులు జర్మన్ కొనుగోలుదారులకు గోధుమలు పంపారు. కొనుగోలుదారులు డబ్బు కట్టి పత్రాలు తీసుకోలేదు కాబట్టి యాజమాన్యం ఇంకా అమెరికా వర్తకులదేనని తేల్చి బ్రిటిష్ ప్రైజ్ కోర్టు వారికి విడుదల చేసింది. ప్రయాణంలో నష్టభయం ఎవరిది అన్న దాన్ని కాక, యాజమాన్యం ఎవరిది అన్న దాన్నే కోర్టు చూసింది. బ్యాంకులో ఉన్న బిల్ ఆఫ్ లేడింగ్ ఒక్కటే ఆ వర్తకులను కాపాడిందని చెప్పవచ్చు.

ఇక రెండో ప్రశ్న, సరుకు ఎక్కడికి పోతున్నది. ఆహార పదార్థాలు దానంతట అవే నిషిద్ధం కావు, శత్రు సైన్యానికి లేదా ప్రభుత్వానికి చేరేవైతే నిషిద్ధమవుతాయి. కాగితం మీద తటస్థ దేశపు రేవు పేరు రాస్తే సరిపోతుందనుకోవద్దు. 1915 నాటి కిమ్ కేసులో నాలుగు తటస్థ నౌకలు అమెరికా నుంచి కోపెన్‌హాగెన్‌కు పందికొవ్వు, మాంసం వంటివి తీసుకుపోతున్నాయి. ఆ పరిమాణం డెన్మార్క్ మామూలు అవసరాలకు ఎన్నో రెట్లు ఉంది. అసలు గమ్యం జర్మనీయేనని కోర్టు నిర్ణయించి చాలా భాగాన్ని జప్తు చేసింది. దీన్ని అవిచ్ఛిన్న యాత్రా సిద్ధాంతం అంటారు. పసుపుకు ఈ చిక్కు తక్కువ, మినపప్పుకూ రొయ్యలకూ ఎక్కువ. ఆలస్యంలో రొయ్యలు పాడైతే? పట్టుకోవడానికి సహేతుకమైన కారణం ఉందని తేలితే సరుకు విడుదలైనా ఆ నష్టానికి పరిహారం రాదు.

భారతదేశమే యుద్ధంలో ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు శత్రు దేశానికి సరుకు పంపడమే తప్పు, ఆంజెలిక్ కేసు గుర్తు తెచ్చుకోండి.

మన దేశపు చట్టాలు

బ్రిటిష్ కాలంలో మద్రాసు, బొంబాయి, కలకత్తా హైకోర్టులకు 1890, 1891 చట్టాల కింద నౌకా వివాదాల అధికారం ఉండేది. ప్రైజ్ విషయంలో 1971లో పార్లమెంటు నౌకా, విమాన ప్రైజ్ చట్టాన్ని చేసింది. ప్రైజ్ కోర్టులను కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషను ద్వారా ఏర్పాటు చేయవచ్చు. ఆ ఏడాది డిసెంబరులోనే పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. ఘాజీ జలాంతర్గామి విశాఖపట్నం ముందు మునిగిపోయింది ఆ యుద్ధంలోనే.

శాంతికాలంలో ఓడను కోర్టు ఆపించడం వేరు. దాన్ని నౌక అరెస్టు అంటారు, అప్పు వసూలుకో నష్టపరిహారానికో ప్రైవేటు వ్యక్తి కోరితే జరుగుతుంది. ఇందులో ప్రసిద్ధమైన కేసు మన హైకోర్టు నుంచే వచ్చింది. గోవా సంస్థ ఒకటి వేసిన దావాలో ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ నౌకను 1984 ఏప్రిల్‌లో విశాఖపట్నం రేవులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉత్తర్వుతో ఆపారు. విదేశీ నౌక మీద అలాంటి అధికారం మీకు లేదని యజమానులు వాదించగా, ఉందని 1992లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాత బ్రిటిష్ చట్టాల హద్దుల్లోనే మన హైకోర్టులు ఆగిపోనక్కరలేదని కూడా చెప్పింది. తర్వాత 2017లో కొత్త అడ్మిరల్టీ చట్టం వచ్చి పాతవాటిని రద్దు చేసింది. అరెస్టయిన నౌకను యజమాని పూచీకత్తు ఇచ్చి విడిపించుకోవచ్చు. అరెస్టు వల్ల యాజమాన్యం మారదు. ప్రైజ్‌ను, అరెస్టును కలిపి రాసిన జవాబులకు మార్కులు తగ్గుతాయి.

మత్స్యకారుల పడవలు

చివరగా మన తీరానికి అన్నిటికంటే దగ్గరి విషయం. 1898లో అమెరికా, స్పెయిన్ యుద్ధంలో పక్వేటే హబానా, లోలా అనే రెండు చిన్న క్యూబా చేపల పడవలను అమెరికా నౌకాదళం పట్టుకుంది. యుద్ధం మొదలైందని కూడా ఆ మత్స్యకారులకు తెలియదు. పడవల్లో ఉన్నవి చేపలే. కింది కోర్టు జప్తు తీర్పు ఇచ్చింది, పడవలను వేలం వేశారు, ఒకటి 490 డాలర్లకు, రెండోది 800 డాలర్లకు అమ్ముడుపోయాయి. అమెరికా సుప్రీంకోర్టు 1900లో ఆ తీర్పును కొట్టివేసింది. తీరం వెంబడి చేపలు పట్టుకొని బతికేవారి పడవలను పట్టుకోకూడదన్నది శతాబ్దాలుగా నాగరిక దేశాల ఆచారమని, ఆచారం కూడా న్యాయమేనని చెప్పి, వేలం సొమ్మును నష్టపరిహారంతో సహా తిరిగి ఇప్పించింది. 1907లో హేగ్ ఒప్పందం ఈ నియమాన్ని అక్షరబద్ధం చేసింది. పడవ యుద్ధంలో ఏ రకంగానైనా పాల్గొంటే రక్షణ పోతుంది.

తండేల్ సినిమా చూసినవారికి ఒక సందేహం వస్తుంది. గుజరాత్ బోట్లలో పనిచేస్తూ 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో విడుదలైన ఉత్తరాంధ్ర మత్స్యకారులకు ఈ రక్షణ ఎందుకు పనికిరాలేదు? అప్పుడు యుద్ధం లేదు. వారిని పట్టుకున్నది సముద్ర సరిహద్దు దాటారన్న ఆరోపణ మీద, ఆ దేశపు మామూలు చట్టం కింద. ప్రైజ్ న్యాయం అక్కడికి రాదు. యుద్ధకాలంలో ఉండే రక్షణ శాంతికాలంలో లేకపోవడం వింతగా కనిపించినా చట్టం ప్రస్తుతానికి అలాగే ఉంది.

యుద్ధకాలంలోనైనా ఆ రక్షణ అందరికీ రాదు. 1914లో బెర్లిన్ అనే జర్మన్ చేపల ఓడను బ్రిటన్ పట్టుకున్నప్పుడు, దాని పరిమాణం, సామగ్రి, తీరానికి ఉన్న దూరం చూసి, ఇది తీరప్రాంతపు చేపల పడవ కాదు, లోతు సముద్రపు వ్యాపార ఓడ అని ప్రైజ్ కోర్టు జప్తు చేసింది. ఇప్పుడు నిజాంపట్నం రేవుకు వెళ్ళి చూడండి. తెల్లవారుజామున పోయి మధ్యాహ్నానికి తిరిగివచ్చే చిన్న పడవలున్నాయి. ఐసు, డీజిలు, బియ్యం ఎక్కించుకొని రోజుల తరబడి సముద్రంలో ఉండే మరబోట్లూ ఉన్నాయి. మొదటి రకానికి పక్వేటే హబానా తీర్పు వర్తిస్తుందని చెప్పడం తేలిక. రెండో రకం మీద పనిచేసేవారు కూడా అవే పల్లెల వారు, వారి బతుకుతెరువూ అదే. ఆ మరబోటు తరఫున మీరు ప్రైజ్ కోర్టులో వాదించవలసి వస్తే, బెర్లిన్ కేసు నుంచి దాన్ని ఏ వాస్తవాలతో వేరు చేసి చూపుతారు? పడవ పొడవు, యజమాని ఎవరు, వాటా ఎలా పంచుకుంటారు, ఎంత దూరం పోతారు, వైర్‌లెస్ దేనికి వాడతారు అన్నవి తెలుసుకొని ఒక పేజీకి మించకుండా వాదన రాసి సంప్రదింపు తరగతికి తీసుకురండి.